అంకె ఐదుకి దిగేదాకా

మొదటి రోజు

డాక్టరమ్మ రోజూ రాయమంది. ఎంత తాగాను, నొప్పి ఎలా ఉంది, మనసులో ఏముంది, ఈ మూడూ రాయాలట. వంటశాల గోడ మీద రేపటి వంట ఏమిటో రాయడం తప్ప నేను ఏనాడూ ఏమీ రాయలేదు. అయినా రాస్తాను.

ఈ ఉదయం ఆపరేషన్ అయింది. పొట్టలో నాలుగింట మూడు వంతులు కోసి తీసేశారు. మిగిలింది అరటికాయంత గొట్టం. నొప్పి గాట్ల దగ్గర లేదు, ఎడమ భుజంలో ఉంది. ఎవరో అక్కడ మేకు దిగ్గొట్టినట్టుంది. "కడుపు ఉబ్బించడానికి గాలి పట్టాం కదా రత్నమ్మా, అది పైకి చేరి పొడుస్తుంది. రేపు నడిస్తే పోతుంది," అంది నర్సు ఇమాంబీ.

తాగింది ఏమీ లేదు. తడి దూదితో పెదాలు అద్దారు.

మనసులో పైడిరాజు.

రెండో రోజు

నడిచాను. ఆస్పత్రి ఓడలో మంచం నుంచి తలుపుదాకా పదకొండు అడుగులు. దగ్గొస్తే దిండు పొట్టకి అదిమిపెట్టుకుని దగ్గమన్నారు. లేకపోతే లోపలివన్నీ బయట పడతాయేమో అనిపిస్తుంది.

డాక్టర్ వకుళ నిన్న రాసింది చదివి, "పైడిరాజు అని ఒక్క మాట రాస్తే ఎలా? వివరంగా రాయండి. రాస్తే దిగులు కాస్త తగ్గుతుంది," అంది.

పైడిరాజు నా తమ్ముడు. వాడికి ముప్పై ఆరేళ్లు, నాకు నలభై ఒకటి. మా తెప్పలూరు ఎటూ కొట్టుకుపోకుండా కట్టి ఉంచే లంగరు గొలుసుల్ని నీళ్లలోకి దిగి బాగుచేసేవాడు. మా ఊరి కింద ఒకప్పటి రేవుపట్నం మునిగి ఉంది. దాని కర్మాగారాల్లో మిగిలిపోయిన పీపాలు ఈనాటికీ కారుతూనే ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు ఆ నీళ్లలో దిగాడు. కాలేయం పాడైపోయింది.

ఈ ఓడలో కాలేయాన్ని పెంచే తొట్టి ఉంది. తోడబుట్టినవాళ్ల కాలేయంలోంచి గోరంత ముక్క తీసి అందులో వేస్తే పద్దెనిమిది రోజుల్లో మనిషికి సరిపడా పెరుగుతుంది. వాడికి తోడబుట్టినదాన్ని నేనొక్కదాన్నే. కానీ నా కాలేయంలో కొవ్వు వందకి ముప్పై నాలుగు వంతులు. ఐదుకి దిగితేనే ముక్క మొలుస్తుంది. లేకపోతే తొట్టిలోనే కుళ్లిపోతుంది. పస్తులుండి తగ్గించుకోవాలంటే ఏడాది పడుతుంది. పొట్ట కోయించుకుంటే నెలన్నరలో దిగవచ్చు. వాడికి మూడు నెలల టైముందన్నారు.

అందుకే వచ్చాను. వాడు ఒప్పుకోలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

నాలుగో రోజు

ఇమాంబీ మందు కొలిచే బుల్లి గిన్నెలో పప్పుతేట తెచ్చింది. పావుగంటకి ఒక గుక్క. రోజుకి మూడు వందల మందికి వండే చేతులు నావి. ఆ చేతుల్లో ఆ గిన్నెని చూసుకుని నాకే నవ్వొచ్చింది. మూడో గుక్కకి గొంతుదాకా నిండిపోయింది. అది కడుపు నిండటం కాదు. లోపల ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టుంది.

ఎండ బాగా ఎక్కి సూర్యపలకలు నిండాక మంచం పక్కనున్న తెరకి పది నిమిషాలు ఇస్తారు. ఈ రోజు తెర వెలగగానే పైడిరాజు కనబడ్డాడు. పక్కనే వాడి భార్య బంగారి. వాడు నన్ను అక్కా అనడు, మా ఊరి మాటలో అప్పా అంటాడు.

"అప్పా, ఏటి తాగినావు?"

"పప్పుతేట."

"తేటా? నువ్వా?" వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అందుకేనేటి, పొద్దున్నించీ మనూరు రెండంగుళాలు పైకి లెగిసింది!"

"ఒరే, నవ్వించకురా. కుట్లు లాగుతున్నాయి."

"నవ్వకు అప్పా, నవ్వకు. ఒలే బంగారీ, ఆ తెర కట్టీ. నా మొకం సూస్తే నవ్వాగదు దానికి."

నా ఒంటి గురించి అలా అనగలిగేది వాడొక్కడే. తెప్పలు ఒరగకుండా ఉండాలని మా ఊళ్లో నెలకోసారి అందరినీ తూస్తారు. నాకు పదిహేడేళ్లప్పుడు తూకం మనిషి నా బరువు చదివి, "ఈ పిల్లని ఊరి నడిమధ్య కట్టీండ్రా," అని అరిచాడు. అందరూ నవ్వారు. పైడిరాజుకి అప్పుడు పన్నెండేళ్లు. వెళ్లి ఆ తూకం మనిషి చెయ్యి కొరికాడు. రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఆ తర్వాత ఆరునెలలపాటు వాడే నాతో తూకం దగ్గరికి వచ్చి, నా అంకె చదివేటప్పుడు గట్టిగా ఈల వేసేవాడు, అది ఎవరికీ వినబడకుండా.

ఏడో రోజు

కొలత బల్ల మీద మొదటిసారి పడుకోబెట్టారు. చల్లగా ఉంటుంది. పైనుంచి ఓ పట్టీ మెల్లగా జరుగుతుంది. తర్వాత ఒక ఆడగొంతు అంకె చెబుతుంది.

ముప్పై ఒకటి.

మూడు తగ్గింది. పైడికి చెబితే వేళ్లు లెక్కపెట్టి, "ఇలాగే దిగితే సాలు, పండక్కి నీ ముక్క నా కడుపులో ఉంటాది," అన్నాడు. ఒప్పుకోనన్న మనిషి ఇప్పుడు నాకంటే ముందు లెక్కలు వేస్తున్నాడు. వాడికి ఆశ పుట్టింది. అది చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో అంత భయమూ వేసింది.

తాగింది పదహారు చిన్న గిన్నెలు. నొప్పి ఓర్చుకోగలిగినంతే. ఆకలి లేదు, కానీ తినాలని ఉంది. ఈ రెండూ వేరని నాకు ఇన్నేళ్లకి తెలిసింది. ఓడ వంటగదిలో ఎవరో చేపలు వేయిస్తుంటే వాసన వచ్చింది. చింతపండు ఎప్పుడు వేయాలో చెప్పాలని నోటిదాకా వచ్చింది. దుప్పటి ముసుగేసుకుని కాసేపు ఏడ్చాను. ఎందుకని ఇమాంబీ అడిగితే చెప్పలేకపోయాను. చేపల కోసం ఏడ్చానని ఎలా చెప్పను?

ఎల్లుండి ఇంటికి పంపేస్తారట. అంకె కోసం వారానికి రెండుసార్లు పడవలో వచ్చిపోవచ్చు. పైడి తెప్ప మా తెప్పకి ఆనుకునే ఉంటుంది.

పదకొండో రోజు

ఇంటికి పంపలేదు. మొన్నట్నుంచి గుండె దడదడలాడుతోంది. ఎడమ భుజంలో మళ్లీ మేకు. ఒళ్లు కాలుతోంది. ఇమాంబీ నాడి చూసి పరుగున వెళ్లింది. ఎక్కువ రాయలేను.

పదిహేడో రోజు

వారం రోజులు ఏమయిందో సగం గుర్తు లేదు. పొట్ట కుట్టిన చోట చివర్లో సూదిమొనంత కంత పడిందట. తాగిందంతా లోపలే కారి చీము పట్టింది. పన్నెండో రోజు మళ్లీ కోశారు. ఈసారి చిన్న గాట్లు కాదు, జానెడు. పక్కలోంచి ఒక గొట్టం వేలాడుతోంది, దాని చివర సీసా. ముక్కులోంచి ఇంకో గొట్టం.

"నా తప్పేమైనా ఉందా డాక్టరుగారూ? నేనేమైనా ఎక్కువ తాగేశానా?"

"లేదు. వందలో ఒకరికో ఇద్దరికో ఇలా అవుతుంది. మీరు చెప్పినట్టే చేశారు."

వందలో ఒకరు నేనే ఎందుకవ్వాలి? అది అడగలేదు. అంకె సంగతి అడిగాను. జ్వరం, చీము ఉన్నప్పుడు అంకె సరిగ్గా దిగదట. రెండు వారాలు పోయినట్టే అంది.

ఆ రెండు వారాలు నావి కావు. వాడివి.

ఇరవయ్యో రోజు

నొప్పి గురించి రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పక్కకి తిరిగితే గొట్టం లోపల గీసుకుంటుంది. తుమ్ము వస్తుందేమోనని భయపడుతూ ఉంటాను. కానీ నొప్పికి ఒక వేళ ఉంది, మందుకి లొంగుతుంది. దిగులు దేనికీ లొంగడం లేదు. మందు పట్టి ఒళ్లు మొద్దుబారినప్పుడు కూడా అది మాత్రం మేలుకునే ఉంటుంది. వాడు నా ముక్క కోసం ఎదురు చూస్తున్నాడు, నేనిక్కడ చీము కారుస్తూ పడుకున్నాను. ఇదే మాట తిరిగి తిరిగి వస్తుంది.

ఇమాంబీతో అన్నాను. ఆమె గొట్టం సీసా మారుస్తూ, "రత్నమ్మా, పుండు మానడం కూడా పనే. మీరు ఊరికే పడుకోలేదు, పని చేస్తున్నారు," అంది. ఆ మాట మంచిగా అనిపించింది. ఈ రోజుకి దాన్నే పట్టుకున్నాను.

ఇరవై నాలుగో రోజు

ముక్కులో గొట్టం తీశారు. మళ్లీ గుక్కలు మొదలు. అంకె ఇరవై నాలుగు.

తెరలో పైడి కనబడ్డాడు. చెంపలు లోపలికి పోయాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"ఏటలా సూస్తన్నావు? నువ్వు వదిలేసిన పొట్ట నాకొచ్చింది," అన్నాడు.

ఈసారి నాకు నవ్వు రాలేదు.

"డాక్టరమ్మ మీ తెప్పకి వచ్చి చూస్తుందా?"

"వస్తంది. మందులిస్తంది. నా సంగతొగ్గీ. అంకెంతో సెప్పు."

"ఇరవై నాలుగు."

"దిగుతంది కదా! తాగుతన్నావా? వొదలకుండా తాగాలి. కుట్లు మానాలంటే తాగాలి. డాక్టరమ్మ సెప్పింది నాకు."

ఇరవై తొమ్మిదో రోజు

అంకె పందొమ్మిది. చీము ఆగింది, సీసాలో ఇప్పుడు తేట నీరు మాత్రమే వస్తోంది. రోజూ ఓడ చివరిదాకా నడుస్తున్నాను. అక్కడి నుంచి మా ఊరి తెప్పలు కనబడతాయి. పడవలో అరగంట దూరం. ఒక్కసారి వెళ్లి వాడిని చూసి వస్తానని డాక్టర్ వకుళని అడిగాను. అల ఊపుకి గొట్టం కదిలితే మళ్లీ మొదటికి వస్తుందంది. "ఆయన కూడా మీరు ఇక్కడే ఉండాలంటున్నారు," అంది. చెబుతూ నా వైపు చూడలేదు, సీసా వైపు చూసింది.

పైడి ఈ రోజు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక వెలుతురు. ముఖం నల్లగా, ఆనవాలు మాత్రమే తెలిసింది. గొంతు మాత్రం హుషారుగా ఉంది. అంకె అడిగి, "దిగుతంది కదా!" అని సంబరపడ్డాడు. నేను పదేళ్ల కిందట ఉప్పు రెండుసార్లు వేసి మూడొందల మందినీ నీళ్ల పంపు దగ్గర క్యూ కట్టించిన సంగతి ఎత్తి, తనే నవ్వాడు. బంగారి వెనక నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు.

ముప్పై మూడో రోజు

అంకె పదిహేను.

నడుస్తూ తొట్టి గది ముందునుంచి వెళ్లాను. గాజు తలుపులోంచి చూడవచ్చు. మొదటి వారంలో ఆ తొట్టికి 'పైడిరాజు, మూడో తెప్పలూరు' అని చీటీ కట్టి ఉండేది. ఈ రోజు చీటీ లేదు. ఇమాంబీని అడిగాను.

"కడగడానికి తీసి ఉంటారమ్మా," అంది. గబగబా వెళ్లిపోయింది.

కడిగితే మంచిదే కదా. శుభ్రంగా ఉండాలి కదా. ఇలా నాకు నేనే చెప్పుకున్నాను.

ముప్పై ఆరో రోజు

అంకె పదకొండు. తెర వెలగగానే చెబుదామని సిద్ధంగా కూర్చున్నాను. బంగారి ఒక్కతే కనబడింది.

"పడుకున్నాడు వొదినా. మందు పడ్డాది. లేపమంటావా?"

"వద్దు వద్దు. పడుకోనీ. పదకొండు అని చెప్పు."

"సెప్తాను."

"బంగారీ, తింటున్నావా నువ్వు?"

ఆమె తల ఊపి తెర ఆపేసింది. ఇంకా ఏడు నిమిషాలు ఉన్నాయి.

ముప్పై తొమ్మిదో రోజు

డాక్టర్ వకుళ ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది. ఈ పొద్దున వచ్చి నా మంచం మీద కూర్చుంది. కూర్చోగానే నాకు తెలిసిపోయింది.

"ఎప్పుడు?" అన్నాను.

"తెల్లవారుతుండగా. నిద్రలోనే. బాధ పడలేదు."

నేను చేతిలో ఉన్న గిన్నె చూశాను. అందులో ఇంకా రెండు గుక్కలు ఉన్నాయి. ఎందుకో తెలియదు, ఆ రెండు గుక్కలూ తాగేశాను. తాగడం ఆపకూడదని వాడు చెప్పాడు కదా.

నలభయ్యో రోజు

గొట్టం తీసి, కట్టు బిగించి, దిండిచ్చి పడవెక్కించారు. ఇమాంబీ తోడొచ్చింది. "గట్టిగా ఏడవకండి రత్నమ్మా. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఒత్తిడి పడకూడదు," అని దారంతా చెప్పింది.

మా వాళ్లలో చావింట్లో ఆడవాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తారు. పోయినవాడిని పేరుపెట్టి పిలుస్తారు, వాడు చేసినవన్నీ చెబుతారు. వంటశాల ఆడవాళ్లందరూ వచ్చారు. అందరికంటే ముందు ఏడవాల్సినదాన్ని నేను. దిండు పొట్టకి అదుముకుని వాడి కాళ్ల దగ్గర కూర్చున్నాను. నోరు తెరిచాను, శబ్దం రాలేదు. రానివ్వలేదు. ఒక ముసలామె నన్ను చూసి, "తోడబుట్టింది, కంటతడి లేదే," అంది. ఎవరో ఆమెని ఊరుకోబెట్టారు.

వాడి ఒళ్లంతా పసుపే. గోళ్లు కూడా. కళ్లు ఒక్కటే అనుకున్నాను. ఇన్ని రోజులూ తెరలో నాకు ఇది ఎందుకు కనబడలేదు?

వాడితో నీళ్లలో దిగిన నలుగురు ఈతగాళ్లు వాడిని సంద్రంలోకి దించారు. గొలుసుల దగ్గరికి కాదు, దూరంగా, నీలం నీళ్లలోకి. బంగారి ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. నామీద కోపం అనుకున్నాను. నా పొట్టలో ఆ కంత పడకపోతే ఆమె మొగుడు బతికేవాడని అనుకుంటోంది. అనుకోవాలి కూడా. నేనూ అదే అనుకుంటున్నాను.

నలభై ఏడో రోజు

కుట్లు చూపించుకోవడానికి ఓడకి వెళ్లాను. అలవాటు కొద్దీ ఇమాంబీ కొలత బల్ల మీద పడుకోబెట్టింది. నేనూ అలవాటు కొద్దీ పడుకున్నాను. పట్టీ జరిగింది. ఆ ఆడగొంతు అంకె చెప్పింది.

"నాలుగు పాయింట్ ఎనిమిది. దాతగా అర్హులు."

పచ్చ దీపం వెలిగింది. ఇమాంబీ చేత్తో దాన్ని మూసేసింది. వేళ్ల సందుల్లోంచి పచ్చగా కనబడుతూనే ఉంది. నేను బల్ల దిగలేదు. దిగమని ఎవరూ అనలేదు.

డాక్టర్ వకుళ వచ్చింది. నా తల దగ్గర వంగి, "మీవల్ల ఆలస్యమైందని మీరు అనుకుంటున్నారు. అది నిజం కాదు. అందుకే చెబుతున్నాను, లేకపోతే చెప్పేదాన్ని కాదు," అంది. "ఇరవై ఎనిమిదో రోజునే ఆయన గుండె, మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి. కాలేయం సిద్ధంగా ఉన్నా ఆపరేషన్‌కి తట్టుకునే స్థితి దాటిపోయింది. మేం అనుకున్న మూడు నెలలు తప్పు లెక్క. ఆ రోజే ఆయనకి చెప్పాను."

"వాడికి తెలుసా?"

"తెలుసు. మీకు చెప్పవద్దని చేతులు పట్టుకుని అడిగారు."

ఇరవై ఎనిమిది నుంచి ముప్పై తొమ్మిది. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజుల్లో కనబడినప్పుడల్లా వాడు నన్ను అంకె అడిగాడు. దిగుతంది కదా అని సంతోషపడ్డాడు. ఆ పదకొండు రోజులూ నేను అరగంట దూరంలో పడుకుని పప్పుతేట తాగుతున్నాను.

యాభై ఒకటో రోజు

మూడు రోజులు రాయలేదు. తాగనూ లేదు. గిన్నె బోర్లించి పెట్టేశాను. ఎవరికోసం కోయించుకున్నానో వాడు లేడు. కోసింది మాత్రం నాలో అలాగే ఉంది. తీసేసిన పొట్టని మళ్లీ పెట్టరట, అడిగాను. ఇక నా బతుకంతా ఈ అరటికాయంత పొట్టతోనే.

పొద్దున లేచి నిలబడితే కళ్లు తిరిగి పడ్డాను. ఎండెక్కాక ఇమాంబీ మా ఇంటి తెరలో నన్ను చూసి ఎవరికి కబురు చేసిందో, కాసేపటికి బంగారి మా తెప్ప మీదికి అడుగుపెట్టింది. చేతిలో మజ్జిగ గిన్నె. కర్మ అయ్యాక ఇదే రావడం.

"తాగు వొదినా."

"నీకు తెలుసు కదా? ఇరవై ఎనిమిదో రోజునుంచీ తెలుసు కదా?"

ఆమె గిన్నె కింద పెట్టింది. "తెలుసు."

"నాకు చెప్పి ఉంటే వచ్చీసుందును! గొట్టం ఊడితే ఊడిందని వచ్చీసుందును. పదకొండు రోజులు వాడి పక్కన కూచునుందును. నా చేత్తో ఒక్క గుక్క నీళ్లు పోసుందును. ఎందుకు చెప్పలేదే బంగారీ? నీకేం పోయింది?"

"అదే అన్నాడు." బంగారి గొంతు పెరిగింది. "నువ్వు వచ్చీస్తావనే సెప్పొద్దన్నాడు. 'సెప్తే అప్ప వచ్చీస్తాది. వచ్చీసి తాగడం మానీస్తాది. కుట్లు మళ్లీ ఇప్పుకుంటాయి. నాతోపాటు అదీ పోతాది,' అన్నాడు. నాచేత ఒట్టేయించుకున్నాడు. నాను ఎంత కొట్లాడినానో నీకు తెల్దు వొదినా. 'ఆవిడ నీ అప్ప, ఆవిడకి సెప్పాల,' అన్నాను. ఇన్నాడు కాడు."

నేను వాడి తెప్ప వైపు చూశాను.

"నీతో మాటాడే టైముకి గంట ముందు లేపమనేవోడు. లెగలేకపోయేవోడు. నాను ఎనకనించి ఎత్తి కూకోబెట్టేదాన్ని. మొకం కడగమనేవోడు. పసుపు కనబడకూడదని కిటికీకి వీపెట్టి కూకునేవోడు. ఆ పది నిముసాలు ఎలా మాటాడేవోడో నాకే తెల్దు. తెర కట్టీగానే పడిపోయేవోడు. ఆ రోజంతా మరి మాట లేదు. నాతో కూడా లేదు." ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "ఉన్న ఊపిరంతా నీకే ఇచ్చీసినాడు. నాకేటి మిగిలింది వొదినా? నీమీద నాకు కోపం లేదేటి? ఉన్నాది. అందుకే నీ మొకం సూడలేకపోయినాను."

అప్పుడు ఏడుపొచ్చింది. పన్నెండు రోజులుగా లోపల తొక్కిపెట్టిందంతా ఒక్కసారి వచ్చింది. దిండు ఎక్కడుందో కూడా చూసుకోలేదు. వాడి పేరు పెట్టి పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో. పక్క తెప్పలవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు. బంగారి వచ్చి నా కడుపు మీద తన రెండు చేతులూ గట్టిగా అదిమి పట్టుకుంది, కుట్లు విడిపోకుండా. అలా పట్టుకునే తనూ ఏడ్చింది.

తర్వాత మజ్జిగ తాగించింది. పావుగంటకి ఒక గుక్క. గిన్నె అయ్యేదాకా కూర్చుంది.

యాభై మూడో రోజు

తాగింది పన్నెండు గిన్నెలు. నొప్పి కొంచెం. మనసులో ఏముందో రాయమంటే రాయడానికి లేదు, అంతా వాడే.

వాడు చేసింది తప్పా ఒప్పా అని పొద్దున్నించీ ఆలోచించాను. వాడి స్థానంలో నేనుంటే అదే చేసేదాన్ని. అయినా వాడిని క్షమించలేకపోతున్నాను. ఆ పదకొండు రోజులు నావి కూడా. నన్ను అడగకుండా తీసేసుకున్నాడు. వాడు బతికి ఉంటే చెంప మీద ఒకటి వేసేదాన్ని. వేసి పక్కనే కూర్చునేదాన్ని.

యాభై ఐదో రోజు

మెత్తటి తిండి మొదలుపెట్టవచ్చని డాక్టర్ వకుళ తెరలో చెప్పింది. వంటశాల నుంచి ఆడవాళ్లు ఒక ఇడ్లీ పంపారు, చిన్నది, నాకోసం విడిగా వేసింది. బంగారి పట్టుకొచ్చింది. నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆమె కూడా చాలా చిక్కిపోయింది. మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. ఇన్ని రోజులూ నేను చూడలేదు.

"నువ్వు తిన్నావా?"

"తర్వాత తింటాను."

"తర్వాత తినవు నువ్వు. నాకు తెలుసు."

చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నీరయ్యేదాకా నమిలాను. ఇంకో ముక్క. ఒక్కో ముక్కకీ ఆగి చూసుకున్నాను, దిగుతుందా లేదా అని. దిగింది. సగం తినేసరికి అరగంట పట్టింది. అక్కడికి చాలనిపించింది. ఇక పట్టదు.

మిగిలిన సగం ఆమె వైపు తోశాను. బంగారి దాన్ని కాసేపు చూసింది. తర్వాత చేతిలోకి తీసుకుని, నాలాగే చిన్నచిన్న ముక్కలు తుంచుకుంటూ తింది.